రాగి ట్యాంకు బండి

కావలి,
1961 సెప్టెంబరు నెలాఖరు, ఆదివారం.

అక్తరున్నీసాకు మౌలా సలాం చెప్పి రాసేది.

అల్లా చల్లగా చూస్తున్నాడు. ఇక్కడ అమ్మా నేనూ తింటున్నాం, తిరుగుతున్నాం, రోజుకోసారి పోట్లాడుకుంటున్నాం. వాకాడులో నువ్వూ మీ అమ్మ మదార్‌బీ అత్తా కులాసాగా ఉన్నారని నీ జాబు వల్ల తెలిసింది. సంతోషపడదామనుకునేలోపల ఆఖరి వరసలు కంటబడ్డాయి. ఉన్న సంతోషం కాస్తా ఎగిరిపోయింది.

"పోయినేడు మాదిరే ఈసారీ అయి, బిడ్డతోపాటు నేనూ పోతే, మీరు ఏడాది తిరక్కుండా ఇంకో నిఖా చేసుకోండి, మీ అమ్మను ఒంటిగా ఉంచొద్దు" అని రాశావు. ఎంత దొడ్డ మనసే నీది. రాసేటప్పుడు చెయ్యి ఎట్లా ఆడిందో నాకు తెలియదు. చదివాక నాకు కోపమొచ్చింది, ఆ వెనకాలే ఏడుపొచ్చింది. జాబు మడిచి జేబులో పెట్టుకుని రైలు గేటుదాకా నడిచిపోయి వచ్చాను. నీ మాటకు ఏం జవాబు రాయాలని అమ్మనడిగితే అమ్మ చెప్పింది. అది రాస్తాను. అయితే ముందు నువ్వడిగిన మిగతా సంగతులు చెప్పనీ, లేకపోతే నేనూ నీలాగే చివరి మాట ముందు రాసి నిన్ను హడలగొట్టినవాణ్ణవుతాను.

అమ్మ దగ్గు తగ్గింది. మిరియాల కషాయం నువ్వు చెప్పినట్టే కాచి ఇచ్చాను, తాగి "నా కోడలు కాస్తే ఇట్లా ఉండదు" అంది. మేక ఈనింది, రెండు పిల్లలు, ఒకటి నల్లది, ఒకటి చెవులు మాత్రం తెల్లవి. నీ గోరింటాకు చెట్టు బతికే ఉంది. ఇక నువ్వడిగిన మోటారుసైకిలు సంగతి. "ఆ పాడుబండి కదిలిందా, లేక కోళ్ళగూడుగానే ఉందా?" అని రాశావు కదూ. కదిలింది. ఎట్లా కదిలిందో రాయాలంటే ఈ కాగితం చాలదు, ఇంకోటి అతికిస్తాను.

ఆ బండి ఎందుకో నీకు వేరే చెప్పనక్కరలేదు. పోయినేడు నీకు నొప్పులొచ్చేసరికి వాకాడునించి సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది. ఎద్దుబండి గూడూరు ఆసుపత్రి చేరేసరికి తెల్లారింది. మన బిడ్డ ఆ దోవలోనే పోయాడు. ఈసారి ముందుగానే గూడూరు వచ్చి ఉండమంటే, నెలలు నిండిన పిల్లను ఊరు దాటించేది లేదని అత్త పట్టు. ఆమె తప్పు కాదు, ఆమె తల్లీ అట్లాగే చెప్పి ఉంటుంది. అందుకే పద్మనాభయ్యగారి ధాన్యం కొట్టులో ఆ సైడ్‌కారు బండిని చూసినప్పుడు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మైకా కంపెనీ దొర ఎప్పుడో సీమకు పోతూ వదిలేసిన బండి. మోటారుసైకిలు పక్కనే మూడో చక్రం మీద తొట్టి, ఆ తొట్టిలో ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. నేను చూసేటప్పటికి అందులో కోడిపెట్ట పొదుగుతోంది. "మా అమ్మాయి పెళ్ళి వంటపాత్రలన్నిటికీ కళాయి పూసిపెట్టు, ఈ పీడను తీసకపో" అన్నాడు పద్మనాభయ్యగారు. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి, కోడిని బుజ్జగించి, బండిని ఇంటికి ఈడ్చుకొచ్చాను.

అమ్మ వాకిట్లో నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందిరా ఇది?"

"మోటారుసైకిలమ్మా."

"పీనుగలాగుంది. ఇనుముతో మనకేం పనిరా? రాగి మాటింటది, ఇత్తడి మాటింటది. ఇనుము యాడన్నా వినిందా?"

"అక్తరును గూడూరు తీసకపోయేదానికమ్మా" అన్నాను.

అమ్మ లోపలికి పోయి చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు తెచ్చుకుని ఇంజను ముందు పీట వేసుకుని కూర్చుంది. ఆ రోజునించి దాన్ని తోమడం ఆమె పని. నాయన ఉన్నప్పుడు ఊరి బిందెలన్నీ తోమింది ఈ చేతులే కదా. తోమగా తోమగా ఇంజను మీద ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. వాటిని చూసి, "చూడరా, దీనికి పేరుండాది" అంది, ఏదో తప్పిపోయిన బిడ్డను కనుక్కున్నట్టు.

ఇంజను పని గంగులయ్యన్న చూశాడు. రైసుమిల్లులో ఇంజను తోలే గంగులయ్య, నీకు తెలుసు, మన పెళ్ళిలో మూడుసార్లు పాయసం పోయించుకున్నాడే, ఆయన. మిల్లుకు సెలవొస్తే చాలు మన వాకిట్లోనే. బిగుసుకుపోయిన పిస్టన్ను ఆముదం పోసి, పోసి, ఒకనాడు కర్రతో తట్టి కదిలించాడు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో విప్పి ఎండలో పెట్టాడు. చైనుకు తుప్పు వదిలించాం. టైర్లు మాత్రం మద్రాసునించి లారీలో తెప్పించాల్సి వచ్చింది. కార్బొరేటర్లో తేలే చిన్న ఇత్తడి బుడ్డికి చిల్లు పడిందంటే, దానికి కళాయి మాట్లు వేసింది నేనే. ఆ ఒక్క పనిలో నా చెయ్యి పడ్డందుకు గంగులయ్యన్న, "సాయిబుకు పనుండాలని సాయిబు పుట్టకముందే దొర ఈ బుడ్డి ఇత్తడిలో చేయించిపెట్టినాడు" అన్నాడు. ఊళ్ళో మాత్రం, మౌలా దయ్యానికి కళాయి పూస్తున్నాడని చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

పెట్రోలు ట్యాంకు పనికిరాకుండా పోయింది. ఎట్లా పోయిందో ఆ తర్వాత రాస్తాను. పోయింది, అంతే. ఆ వయసు బండికి ట్యాంకు మద్రాసులోనూ దొరకదన్నారు. నేను తలపట్టుకుని అరుగుమీద కూర్చున్నాను. అమ్మ లోపలికి పోయి అటకమీదనించి పెద్ద రాగి డేగిసా దించి, నా ముందు దొర్లించింది.

ఆ డేగిసా నీకు తెలుసు కదా, అమ్మ నిఖాలో వాళ్ళ నాయన ఇచ్చింది. రంజాను ముందు ఏటేటా మా నాయన తనే దానికి కళాయి పూసేవాడు, నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక అమ్మ దాన్ని పొయ్యి ఎక్కించలేదు. నేను వద్దన్నాను. అప్పుడు అమ్మ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"బిడ్డ పుట్టినాక బిర్యానీ వండేదానికని దాచినా. బిడ్డ పుట్టేదానికే పనికొస్తే ఇంకా మంచిది గదరా. కోసెయ్."

కోశాను. కోసేటప్పుడు అమ్మ అక్కడే నిలబడి చూసింది, మొహం తిప్పుకోలేదు. రేకును కాల్చి, చల్లార్చి, అమ్మ దాగలి దిమ్మెమీద రెండు చేతులా అదిమి పట్టుకుంటే నేను సుత్తితో కొట్టాను. పాతకాలపు బండి కాబట్టి ట్యాంకు పెట్టెలాగా నలుపలకలుగా ఉంటే చాలు, అది మన అదృష్టం. అతుకులన్నిటికీ తగరం పోశాను. నీళ్ళు నింపి రాత్రంతా వేలాడదీస్తే పొద్దునకు ఒక్క చుక్క కారలేదు. ఇప్పుడు ఎండలో ఆ బండి నిలబడితే ట్యాంకు తప్ప ఇంకేమీ కనబడదు. గంగులయ్యన్న నల్లరంగు వేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. రాగికి రంగెందుకంది.

ఇంజను పలికిన రోజు చూడాల్సింది నువ్వు. గంగులయ్యన్న కిక్కు కొట్టగా కొట్టగా, ఒకసారి తుమ్మి, రెండోసారి పొగ కక్కి, ఆనక పటపటమని అందుకుంది. మేక తాడు తెంచుకుని పరుగెత్తింది. అమ్మ రెండు చెవులూ మూసుకుని నవ్వుతోంది. నాయన పోయాక అమ్మ అంత నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వుకే ఈ చాకిరీ అంతా చెల్లిపోయిందనుకున్నాను.

ఇక ఇక్కడనించి నువ్వు నెమ్మదిగా చదవాలి. అత్తకు వినిపించేటట్టు గట్టిగా చదవద్దు, ముందు నువ్వొక్కదానివే చదువుకో.

ఆ ట్యాంకు ఎట్లా పోయిందో చెప్తానన్నాను కదా. దాని లోపలంతా తుప్పు. కిరసనాయిలుతో కడిగాను. లోపల కళాయి పూస్తే ఇక జన్మలో తుప్పు పట్టదని నా ఆలోచన. ఊళ్ళో అండాలకు పూసేవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను. గంగులయ్యన్న ముందే చెప్పాడు. "నిప్పు దగ్గరికి తీసకపోయేముందు రెండు దినాలు నిండా నీళ్ళు పోసిపెట్టు మౌలా, లోపల ఆవిరుంటది" అని. కానీ కళాయివాడికి తడి అంటే పడదని నీకు తెలుసు. పాత్రలో తేమ వెంట్రుకవాసి ఉన్నా తగరం చిందుతుంది. గిన్నె గలగలా ఎండాలనేది నాయన నాకు నేర్పిన మొదటి పాఠం. ట్యాంకులో నీళ్ళు పోయడానికి నా చెయ్యి రాలేదు. పైగా ఎండలో బాగా ఎండబెట్టి, కొలిమిమీద పెట్టి, ఎడంచేత్తో పటకారు పట్టుకున్నాను.

పేలింది. మూత ఎగిరి పైకప్పు తాటాకులోంచి దూసుకుపోయింది. నా ఎడంచెయ్యి కాలింది.

భయపడవద్దు. కంటికీ మొహానికీ ఏమీ కాలేదు, మీసం ఒక పక్క కాలితే రెండో పక్క నేనే తీసేశాను. చెయ్యి మానింది. కానీ మూడు వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి, వాటికి పట్టు లేదు. హ్యాండిలుమీద ఆనించి బండిని తిప్పగలను, దేన్నీ బిగించి పట్టుకోలేను. పోయిన రెండు జాబుల్లో ఇది రాయలేదు. ఈ నెలల్లో నీకు చెప్పకూడదని అమ్మా నేనూ అనుకున్నాం. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మేము అక్కడికి వచ్చినప్పుడు నువ్వు నా చెయ్యి చూస్తావు. వాకిట్లో నిలబడి చూసి గుండె ఝల్లుమనేదానికన్నా, చాపమీద కూర్చుని చదువుకోవడం మేలు.

మోటారుసైకిలుకు క్లచ్చి అని ఒకటుంటుంది. ఎడంచేత్తో దాన్ని బిగించి పట్టుకుంటేనే గేరు పడుతుంది. మెల్లగా వదిలితేనే బండి కదులుతుంది. ఠక్కున వదిలితే గుర్రంలా ఎగురుతుంది. గేరు కడ్డీ ట్యాంకు పక్కన కుడిచేతికి ఉంది కాబట్టి దానికి బాధ లేదు. క్లచ్చి పట్టేదానికే నాకు చెయ్యి లేదు. ఇంజను పలికిన మూడోనాటికి ఆ సంగతి మాకందరికీ అర్థమైంది. బండి నిగనిగలాడుతూ వాకిట్లో ఉంది, తోలేవాడు లేడు. గంగులయ్యన్నకు మిల్లు వదిలి రావడం కుదరదు. నేను ఆ రోజు అన్నం తినలేదు. నా ఒక్క మొండితనం వల్ల నీకు చెయ్యాల్సిన పని చెయ్యలేకపోతానేమో అని భయం పట్టుకుంది.

అప్పుడు అమ్మ గంగులయ్యన్నను అడిగింది. "ఆ క్లచ్చి తీగను పొడుగు చేసి ఇంకొకరి చేతికియ్యకూడదా?"

"ఎవరికమ్మా? గేరు మార్చేవాడొకడు, క్లచ్చి పట్టేవాడొకడైతే బండి నడిచేదెట్టా? ఇద్దరికీ ఒక్కసారే తట్టాల గదా."

"వీళ్ళ నాయన కొలిమికాడ నేను తిత్తి పట్టినా గదయ్యా."

గంగులయ్యన్నకు వెంటనే తట్టలేదు, నాకు తట్టింది. అక్తరూ, నువ్వు మా నాయనను పనిలో చూడలేదు. ఆయన కొలిమి ముందు కూర్చుంటే నోరు విప్పేవాడు కాదు. తగరం కరిగే వేళకు గాలి ఎంత కావాలో, ఎప్పుడు ఆపాలో ఒక్క మాటా చెప్పేవాడు కాదు. వెనక అమ్మ తిత్తి పట్టుకుని ఆయన కుడి భుజం వైపు చూస్తూ ఉండేది. భుజం లేస్తే గాలి, భుజం దిగితే ఆపడం. పెళ్ళైన నాటినించి ఆయన పోయిందాకా అదే. ఒక్క గిన్నె మాడనియ్యలేదు.

గంగులయ్యన్న క్లచ్చి తీగ పొడుగు చేసి, తొట్టికీ బండికీ మధ్యనున్న కమ్మికి ఒక పిడి బిగించాడు. అమ్మ నా వెనక సీటుమీద తొట్టి వైపు తిరిగి కూర్చుంది, కొంగు నడుముకు బిగించి, భుజం నా వీపుకు ఆనించి, కాళ్ళు తొట్టి కమ్మిమీద పెట్టి. మొదటిరోజు పిడి ఠక్కున వదిలేసింది. బండి పోయి ఎదురింటి వెంకయ్య దడిలో దూరింది. దడి కంపతో సహా ముగ్గురం బయటికొచ్చాం, అంటే అమ్మ, నేను, బండి. వెంకయ్య అరుస్తుంటే అమ్మ, "దడి నేను కట్టిస్తాలే, నువ్వు కాస్త జరుగు, మేము మళ్ళా రావాల" అంది. రెండోరోజు కదిలాం. నాలుగురోజులకు రోడ్డెక్కాం. ఇప్పుడు నేను గేరు మార్చాలని మనసులో అనుకుంటే చాలు, నా భుజంలో ఏం కదులుతుందో ఏమో, పిడి బిగిసిపోయి ఉంటుంది. నేను అడగను, ఆమె చెప్పదు. నిన్న ఇద్దరం కొడవలూరుదాకా పోయి వచ్చాం. దోవలో పొలాల్లో నాట్లు వేసేవాళ్ళందరూ నడుములెత్తి నిలబడ్డారు. ఒక ముసలాయన, "సాయిబమ్మా, యాడికి?" అని కేకవేస్తే, "కోడలికాడికి" అని అమ్మ ఎదురుకేక వేసింది.

నా తల్లి అని చెప్పడం కాదు, ఇట్లాంటి మనిషిని నేను చూడలేదు. ఈ వయసులో, జీవితంలో రైలు కూడా రెండుసార్లే ఎక్కిన మనిషి.

గూడూరు ఆసుపత్రిలో నర్సమ్మ మగ్దలీనమ్మగారిని కూడా కలిశాను. తగరం కోసం నెల్లూరు పోయినప్పుడు అట్నించటే రైలెక్కి పోయాను. నువ్వు ఆమెకు గుర్తున్నావు. "బిడ్డ అడ్డం తిరిగుండాది పోయినసారి. నొప్పులు మొదలైనాక తొందరగా తెస్తే చేసేదానికి నాకు వీలుంటది. తెచ్చి నా చేతిలో పెట్టు మౌలా" అంది. తొట్టిలో తీసుకురావచ్చా అని అడిగితే, "గుంతల్లో మెల్లగా తోలితే ఎద్దుబండికన్నా మేలే" అంది. తొట్టిలో అమ్మ రెండు బొంతలు మడిచి కుట్టింది. నువ్వు ఒరిగి పడుకోవచ్చు. అమ్మ వెనకసీటుమీద నీ వైపే తిరిగి ఉంటుంది కాబట్టి దోవ పొడుగునా నీ మొహం చూస్తూనే ఉంటుంది.

ఇక మిగిలింది రెండు మాటలు. ఒకటి అత్తకు చెప్పాల్సింది. పోయినేడు బిడ్డ పోయిన దుఃఖంలో అత్త, కళాయి పొగ తగలబట్టే తన కూతురి కడుపు పాడైందంది. మా అమ్మ ఊరుకుంటుందా. "నీ గడప తొక్కితే నా పేరు సుల్తాన్‌బీ కాదు" అని వచ్చేసింది. ఇప్పుడు క్లచ్చి ఆమె చేతిలో ఉంది, ఆమె రాకుండా బండి రాదు. ఎట్లాగమ్మా అని భయపడుతూనే అడిగాను.

"పేరు మార్చుకుంటాలేరా. ఏం పేరు పెట్టాల్నో మదార్‌బీనే పెట్టమను" అంది.

ఈ మాట అత్తకు చెప్పు. అమ్మ ఇంత దిగింది కాబట్టి, ఆమె కూడా వాకిట్లోకి ఒక అడుగు వేసి రమ్మంటే చాలు. బుధవారం పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి మీ వాకిట్లో ఉంటాం. నీ పురుడయ్యేదాకా అక్కడినించి కదలం. బండికి ముందు కాస్త చోటు చేసి ఉంచండి, మొహం రోడ్డువైపు పెట్టి నిలుపుకోవాలి.

రెండోది నీ జాబులోని ఆ మాట. అమ్మకు చదివి వినిపించకూడదనే అనుకున్నాను. కానీ ఆమె ముందు దాచగలిగినవాడు ఇంకా పుట్టలేదు. "ఇంకేం రాసింది? నీ మొహం అట్టా ఉండాదేం?" అని పట్టుకుంది. చదివాను. ఆమె ఒళ్ళో బియ్యం చేట ఉంది, బియ్యం ఏరుతూనే ఉంది. నేనే ఆగలేక, ఏం రాయమంటావమ్మా అని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపలేదు.

"నొప్పి తెలిసిన మరుక్షణం నన్ను లేపమని రాయి. మగోళ్ళున్నారనీ, తెల్లారనీ అనీ నోరు మూసుకోవద్దను. వాకిట్లో బండిమీదే పడుకుంటా నేను. మిగతా రాసిందానికి నాకాడ జవాబు లేదు, అది నేను వినలేదను. పోయినసారి నేను ఈ ఇంట్లో కూర్చోనుంటే, బిడ్డ పోయినాడని మనిషి వచ్చి చెప్పిపోయినాడు. ఈసారి నాకెవరూ వచ్చి చెప్పేది లేదు. పోయేటప్పుడు దాని మొహం చూస్తా పోతా, వచ్చేటప్పుడు ఇద్దరి మొహాలు చూస్తా వస్తా."

ఇట్లు,
బుధవారం మీ వాకిట్లో ఉండే
నీ ఇంటాయన
మౌలా